స్టార్ట్ కాని సెకండ్ హ్యాండ్ పవర్ వీడర్: పార్టులు కొనే ముందు చేయాల్సిన మూడు పరీక్షలు

ఈ రోజు టాపిక్ సెకండ్ హ్యాండ్ పవర్ వీడర్. అంటే పత్తి, మిరప, కూరగాయల సాళ్ల మధ్య కలుపు తీయడానికి, మట్టి గుల్ల చేయడానికి వెనకాల నడుస్తూ చేత్తో నడిపించే చిన్న టిల్లర్. కొత్తది కొనే స్తోమత లేక పాతది కొన్నవాళ్లు మన ఏరియాలో చాలామందే ఉన్నారు. ఆ మిషన్ స్టార్ట్ కాకపోతే ఏ వరసలో చూడాలి, మనం ఎంతవరకు చేసుకోవచ్చు, ఎక్కడ ఆగి మెకానిక్ దగ్గరికి వెళ్లాలి, ఇదంతా ఒక్కో స్టెప్పూ చెప్తాను. ఇందులో ఉన్నది పెట్రోల్ ఇంజన్ గురించే. డీజిల్ వీడర్‌కి ప్లగ్గు ఉండదు, దాని లెక్క వేరు.

ఇది ఎందుకంత ముఖ్యమో ముందు చెప్తాను. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి. చిన్న ఇంజన్లు బాగా తెలిసిన షెడ్డు కావాలంటే ఎక్కువమంది భద్రాచలం రావాల్సిందే. చర్ల నుంచి అయితే యాభై కిలోమీటర్ల పైనే. మిషన్‌ని ఆటోలో వేసుకుని వచ్చి పోవడానికే ఒక రోజు పోతుంది, కిరాయి వేరే. వానాకాలంలో ముసురు ఆగి, నేల కాస్త ఆరిన ఆ నాలుగైదు రోజులే కలుపుకి టైమ్. ఆ టైమ్ దాటితే గడ్డి పంటని మించిపోతుంది. మళ్లీ వాన పడిందంటే మిషన్ చేలో దిగదు. అంటే రిపేర్ ఒక వారం లేటయితే నష్టం రిపేర్ బిల్లుతో ఆగదు, పంట దాకా వెళ్తుంది.

ఈ ఎపిసోడ్‌కి ఉదాహరణ మా బాబాయ్ మిషన్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఒక సీజన్ బాగానే నడిచింది. తర్వాత కొన్ని నెలలు పశువుల కొట్టంలో పెట్టాడు. మళ్లీ బయటికి తీస్తే తాడు ఎంత లాగినా స్టార్ట్ కాలేదు. కొత్త ప్లగ్గు వేసి చూశాడు, లాభం లేదు. ఒకరు కార్బొరేటర్ మార్చేయమన్నారు. ఒక షెడ్డులో అయితే ఇంజన్ పోయింది, రీబోర్ చేయాలి, ఆరేడు వేలు అవుతుంది అన్నారు. బాబాయ్‌కి విసుగొచ్చి, "దీన్ని పాత ఇనుముకి వేసేద్దాంరా" అనే దాకా వచ్చాడు.

చివరికి ఏం తేలిందో వరసలో చెప్తాను. దానికంటే ముందు ఒక చిన్న లాజిక్ అర్థం చేసుకోవాలి.

"స్టార్ట్ అయిందా?" అన్న ఒక్క ప్రశ్న చాలదు

పెట్రోల్ ఇంజన్ నడవాలంటే మూడు ఉండాలి. ఒకటి, టైమ్‌కి ప్లగ్గు దగ్గర నిప్పు రవ్వ, అంటే స్పార్క్. మన మెకానిక్‌ల భాషలో "కరెంటు". రెండు, సరైన పాళ్లలో కలిసిన పెట్రోల్, గాలి. మూడు, ఆ మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా నొక్కడం, అంటే కంప్రెషన్. మూడూ ఉంటేనే ఇంజన్ అందుకుంటుంది. ఏ ఒక్కటి లేకపోయినా అందుకోదు.

ఇక్కడే తిరకాసు ఉంది. పాత మిషన్లలో రెండు మూడు సమస్యలు ఒకేసారి ఉండటం చాలా మామూలు. స్పార్క్ లేదు, పెట్రోల్ కూడా సరిగ్గా అందట్లేదు అనుకోండి. మీరు స్పార్క్ బాగుచేసి తాడు లాగారు. స్టార్ట్ కాదు. పెట్రోల్ సమస్య అలాగే ఉంది కదా. మీరేం అనుకుంటారు? "స్పార్క్ ప్రాబ్లం కాదులే" అనుకుని వేరే దాని మీద పడతారు. నిజానికి మీరు సగం రిపేర్ కరెక్ట్‌గానే చేశారు, అది మీకు కనిపించలేదంతే.

సాఫ్ట్‌వేర్ పనిలో మేం దీన్ని రోజూ చూస్తాం. యాప్ మొత్తం ఓపెన్ అవుతుందా లేదా అని మాత్రమే చూస్తే తప్పు ఎక్కడుందో దొరకదు. ఒక్కో భాగాన్ని విడిగా టెస్ట్ చేస్తేనే దొరుకుతుంది. ఇంజన్‌కీ అంతే. స్పార్క్‌ని కంటితో చూడాలి. పెట్రోల్‌ని కంటితో చూడాలి. కంప్రెషన్‌ని చేతికి తెలిసేలా చూడాలి. మూడు విషయాలకి మూడు వేరు వేరు పరీక్షలు. ఒక్కో పరీక్ష పాసయ్యాకే తర్వాతి దానికి వెళ్లాలి. ఈ ఎపిసోడ్‌లో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

మొదలుపెట్టే ముందు

సేఫ్టీ ముందు. మిషన్‌ని ఆరుబయట, చదునైన నేల మీద పెట్టండి. మూసి ఉన్న కొట్టంలో ఇంజన్ నడపకండి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. గేర్ న్యూట్రల్‌లో ఉండాలి. వీలైతే బ్లేడ్లు విప్పేయండి. బ్లేడ్ల దగ్గర చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు ప్లగ్గు క్యాప్ పీకేయండి. దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు.

ఇప్పుడు మీ ఫోన్ తీయండి. ఇంజన్ మీద ఉన్న ప్లేట్‌ని, నంబర్లని ఫొటో తీసుకోండి. హోండా జీఎక్స్ సిరీస్ ఇంజన్లు 1983లో మొదలయ్యాయి. తర్వాత అదే నమూనాలో చైనాలో బోలెడు ఇంజన్లు తయారయ్యాయి. వాటి మీద 168ఎఫ్, 170ఎఫ్ లాంటి కోడ్ ఉంటుంది. అందులో మొదటి అంకె 1 అంటే ఒకే సిలిండర్. తర్వాతి 68 లేదా 70 అనేది సిలిండర్ వ్యాసం, మిల్లీమీటర్లలో. జీఎక్స్160 కూడా 68 మిల్లీమీటర్లే, 163 సీసీ. షాపులో "వీడర్‌కి కార్బొరేటర్ గ్యాస్కెట్ కావాలి" అని అడిగే బదులు ఈ ఫొటో చూపిస్తే కరెక్ట్ పార్ట్ వస్తుంది. అలాగే ఏది విప్పినా, విప్పకముందు ఒక ఫొటో. స్ప్రింగు ఏ రంధ్రంలో ఉంది, వైరు ఎటు నుంచి పోయింది, రేపు బిగించేటప్పుడు గుర్తుండదు.

ఆ తర్వాత ఖర్చు లేని చెకింగ్. స్విచ్ ఆన్‌లో ఉందా? పెట్రోల్ కాక్ తెరిచి ఉందా? చల్లటి ఇంజన్ కాబట్టి చోక్ మూసి ఉందా? ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూశారా? ఆఖరిది అందరూ వదిలేస్తారు. మా బాబాయ్ మిషన్‌లో అక్కడే మొదటి సంగతి దొరికింది. డిప్‌స్టిక్ చివర ఆయిల్ తడి కూడా అంటలేదు.

మొదటి పరీక్ష: స్పార్క్

ఆయిల్‌కి, స్పార్క్‌కి ఏంటి సంబంధం అనిపిస్తుంది. ఉంది. ఈ రకం 4-స్ట్రోక్ ఇంజన్లలో చాలావాటికి ఆయిల్ సెన్సార్ ఉంటుంది. ఆయిల్ తగ్గితే అది స్పార్క్‌ని ఆపేస్తుంది. ఆయిల్ లేకుండా నడిస్తే ఇంజన్ పట్టేస్తుంది కాబట్టి ముందే కాపాడటానికి పెట్టిన ఏర్పాటు. మిషన్ బాగా వాలుగా ఉన్నా, ఆయిల్ ఒక పక్కకి చేరి ఇదే జరగొచ్చు.

నేను ఆయిల్ పోయకముందే కావాలని స్పార్క్ చూశాను. ఎలా చూడాలంటే, ప్లగ్గు విప్పండి. విప్పిన రంధ్రాన్ని ఖాళీగా వదలొద్దు, ఇంకో పాత ప్లగ్గు ఉంటే అందులో తిప్పి పెట్టండి. ఎందుకంటే అందులోంచి పెట్రోల్ ఆవిరి బయటికి కొడుతుంది, స్పార్క్ తగిలితే మంట లేస్తుంది. ఇప్పుడు చూడాల్సిన ప్లగ్గుని క్యాప్‌లో పెట్టి, దాని మరల భాగాన్ని ఇంజన్ ఇనుముకి ఆనించండి. చేత్తో కాదు, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకోండి. స్విచ్ ఆన్ చేసి ఇంకొకరిని తాడు గట్టిగా లాగమనండి. నీడలో అయితే నీలం రంగు రవ్వ స్పష్టంగా కనిపిస్తుంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

బాబాయ్ మిషన్‌లో రవ్వ లేదు. అదీ కొత్త ప్లగ్గుతో. అప్పుడు ఆయిల్ పోశాం. జీఎక్స్160 లాంటి ఇంజన్‌కి మొత్తం పట్టేది సుమారు 600 మిల్లీలీటర్లు. డిప్‌స్టిక్ గీత దాకా పోసి, మిషన్‌ని చదునుగా ఉంచి మళ్లీ లాగితే నీలం రవ్వ టక్ టక్‌మని వచ్చింది. అంటే ప్లగ్గు ఎప్పుడూ సమస్య కాదు.

ఆయిల్ సరిగ్గా ఉన్నా స్పార్క్ రాకపోతే? ఆఫ్ స్విచ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే తర్వాతి స్టెప్ దానంతట అదే తెలుస్తుంది. స్విచ్ ఆఫ్ చేస్తే కాయిల్ నుంచి వచ్చే వైరు ఇంజన్ బాడీకి కలుస్తుంది, కరెంటు ప్లగ్గుకి పోకుండా బాడీలోకి పోతుంది. అంటే ఆ వైరు తొడుగు ఎలుక కొరికి బాడీకి తగులుతున్నా, స్విచ్‌లో తుప్పు పట్టి అతుక్కుపోయినా, ఇంజన్ దృష్టిలో స్విచ్ ఆఫ్‌లో ఉన్నట్టే. అందుకే కాయిల్ నుంచి స్విచ్‌కి వెళ్లే వైరుని విప్పి మళ్లీ స్పార్క్ చూడండి. ఇప్పుడు వస్తే తప్పు స్విచ్‌దో, వైరుదో, ఆయిల్ సెన్సార్‌దో. కాయిల్ బాగానే ఉంది. ఈ ఒక్క పరీక్ష కొత్త కాయిల్ డబ్బులు మిగులుస్తుంది. ఒక జాగ్రత్త: ఈ వైరు విప్పి ఉన్నప్పుడు ఇంజన్ స్టార్ట్ అయితే స్విచ్‌తో ఆగదు. కాబట్టి ఇది పరీక్ష కోసమే, తర్వాత మళ్లీ కలపాలి.

అప్పటికీ రవ్వ లేకపోతే తాడు ఉన్న కవర్ విప్పి ఫ్లైవీల్ చూడండి. దాని మీద అయస్కాంతం ఉంటుంది, పక్కనే కాయిల్. అయస్కాంతం తుప్పు పడితే సన్నటి గరుకు కాగితంతో రుద్దండి. రెండింటి మధ్య సందు ఈ ఇంజన్లలో సుమారు 0.4 మిల్లీమీటర్. ఒక విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి కాయిల్ బోల్టులు బిగిస్తే దాదాపు సరిపోతుంది. ఇవన్నీ చేశాక కూడా రవ్వ రాకపోతేనే కాయిల్ కొనండి. ప్లగ్గు కొనేటప్పుడు సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ ఉందో లేదో చూసి వేయండి.

రెండో పరీక్ష: పెట్రోల్

స్పార్క్ వచ్చాక తాడు లాగాం. స్టార్ట్ కాలేదు. బాబాయ్ అన్నాడు, "చూశావా, ఆయిల్ పోసినా అంతే." ఇందాక చెప్పిన తిరకాసు ఇదే. ఆయిల్ వల్ల ఒక సమస్య పోయింది, అది మనం కంటితో చూశాం. ఇప్పుడు మిగిలింది రెండోది.

పెట్రోల్‌ని గాజు సీసాలోకి పట్టండి. కార్బొరేటర్ కింద చిన్న గిన్నె ఉంటుంది, దానికి అడుగున ఒక డ్రెయిన్ బోల్టు. కింద సీసా పెట్టి దాన్ని వదులు చేయండి. కాక్ తెరిచి ఉంటే పెట్రోల్ ఆగకుండా సన్నటి ధారలా రావాలి. రాకపోతే ట్యాంకు నుంచి గిన్నెలోపే ఎక్కడో అడ్డం ఉంది: కాక్, జాలీ, పైపు, లేదా లోపలి ఫ్లోట్ అతుక్కుపోయింది. వస్తే సీసాని పది నిమిషాలు కదపకుండా పెట్టి చూడండి.

బాబాయ్ సీసాలో రెండు పొరలు కనిపించాయి. పైన పెట్రోల్, అడుగున వేరే రంగులో ఒక వేలు మందం పొర. ఆ అడుగు పొర పెట్రోల్ కాదు, నీళ్లు కలిసిన ఇథనాల్. 2025 నాటికి మన దేశంలో బంకుల్లో పెట్రోల్‌కి ఇథనాల్ కలపడం 20 శాతానికి చేరింది. ఇథనాల్‌కి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. రోజూ తిరిగే బండిలో ట్యాంకు వారానికి ఒకసారి ఖాళీ అవుతుంది కాబట్టి పెద్దగా తెలియదు. కానీ నెలల తరబడి సగం ట్యాంకుతో, వానాకాలం తేమలో పడి ఉన్న వీడర్ సంగతి వేరు. నీళ్లు ఒక హద్దు దాటాక ఇథనాల్‌ని లాక్కుని ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. ట్యాంకు నుంచి పైపు అడుగు నుంచే కదా పోయేది? అందుకని కార్బొరేటర్‌కి ముందు అందేది ఆ మండని పొరే. పైన ఎంత మంచి పెట్రోల్ ఉన్నా ఉపయోగం లేదు. పైగా నిల్వ ఉన్న పెట్రోల్ జిగురులా మారి జెట్టు రంధ్రాల్ని మూసేస్తుంది.

తప్పు కార్బొరేటర్‌దేనా అని ఖాయం చేసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ప్లగ్గు విప్పి, రంధ్రంలో టీస్పూన్‌లో సగం తాజా పెట్రోల్ వేసి, ప్లగ్గు బిగించి, ఒలికింది తుడిచి తాడు లాగండి. రెండు మూడు సెకన్లు అందుకుని ఆగిపోతే స్పార్క్, కంప్రెషన్ రెండూ పనిచేస్తున్నట్టే, పెట్రోల్ దారే సమస్య. మా దగ్గర సరిగ్గా అలాగే అందుకుని ఆగింది. ఆ రెండు సెకన్ల చప్పుడుతో రీబోర్ అన్న మాట పక్కకి పోయింది.

ఇక క్లీనింగ్. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయండి. గిన్నె విప్పి, మధ్యలో ఉన్న మెయిన్ జెట్టు, పక్కన ఉండే చిన్న పైలట్ జెట్టు తీసి కార్బొరేటర్ క్లీనర్ స్ప్రేతో కడగండి. కళ్లకి అద్దాలు పెట్టుకోండి, స్ప్రే వెనక్కి చిమ్ముతుంది. తర్వాత పంక్చర్ షాపులో గాలి కొట్టించండి. జెట్టుని వెలుతురు వైపు పెట్టి చూస్తే గుండ్రటి రంధ్రం కనిపించాలి. గుండుసూది, ఇనుప తీగ పెట్టి పొడవకండి. ఆ రంధ్రం కొలత కొంచెం పెరిగినా పెట్రోల్ ఎక్కువ పోయి నల్ల పొగ మొదలవుతుంది, అప్పుడు నిజంగానే కొత్తది కొనాలి.

తాజా పెట్రోల్ పోసి, చోక్ పెట్టి లాగితే మూడోసారికి అందుకుంది.

మూడో పరీక్ష: కంప్రెషన్

మా మిషన్‌కి దీని అవసరం రాలేదు. కానీ మీకు రావచ్చు కాబట్టి చెప్తాను. రీబోర్ అని ఎవరన్నా ముందు ఈ పరీక్ష అడగండి.

స్విచ్ ఆఫ్ చేసి తాడుని నెమ్మదిగా లాగండి. ఒకచోట గట్టిగా పట్టి, తర్వాత వదలాలి. మొత్తం దారం లాగినట్టు తేలిగ్గా వచ్చేస్తే కంప్రెషన్ లేదు. అయితే ఈ ఇంజన్లలో చాలావాటికి స్టార్టింగ్ తేలిగ్గా ఉండటానికి కంప్రెషన్‌ని కొంచెం వదిలేసే ఏర్పాటు లోపలే ఉంటుంది. కాబట్టి గేజ్‌లో నంబర్ తక్కువ వచ్చిందని వెంటనే కంగారు పడొద్దు.

కంప్రెషన్ లేదనిపిస్తే ప్లగ్గు రంధ్రంలో ఒక టీస్పూన్ ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ లాగండి. ఇప్పుడు గట్టిగా పట్టిందంటే పిస్టన్ రింగులు, సిలిండర్ అరిగాయి. ఆయిల్ ఆ సందుని తాత్కాలికంగా మూసింది. అప్పుడు రింగులు, రీబోర్ గురించి మాట్లాడటంలో అర్థం ఉంది. ఆయిల్ వేసినా తేడా లేకపోతే అనుమానం వాల్వుల మీద. హెడ్డు మీది కవర్ విప్పి, తాడు నెమ్మదిగా లాగుతూ చూస్తే రెండు వాల్వులూ కిందకీ పైకీ కదలాలి. ఒకటి కదలకపోతే తుప్పుతో ఇరుక్కుంది. రెండూ కదులుతుంటే వాల్వు సందు పోయిందేమో చూడాలి. ఆ సందు ఇంజన్ మోడల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూసి ఫీలర్ గేజ్‌తో పెట్టాలి. ఇక్కడ ఆగి మెకానిక్ దగ్గరికి వెళ్లండి. తేడా ఏంటంటే ఇప్పుడు "ఏదో అయిందన్నా, చూడు" అనకుండా "స్పార్క్ ఉంది, పెట్రోల్ వస్తోంది, ఆయిల్ వేసినా కంప్రెషన్ రాలేదు, వాల్వులు చూడండి" అంటారు. ఆయన టైమ్ మిగులుతుంది, మీ డబ్బులు మిగులుతాయి.

స్టార్ట్ అయ్యాక వచ్చే తిప్పలు

బాబాయ్ మిషన్ స్టార్ట్ అయ్యాక పది నిమిషాలు నడిచి ఆగిపోయింది. కాసేపు ఆగితే మళ్లీ నడిచింది, మళ్లీ ఆగింది. ఇలా జరిగితే అనుమానించాల్సినవి రెండు. ట్యాంకు మూతకి గాలి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే ట్యాంకులో గాలి చొరబడక పెట్రోల్ దిగడం ఆగిపోతుంది. ఆగిన వెంటనే మూత వదులు చేసి లాగండి. స్టార్ట్ అయిందంటే మూతదే తప్పు. రెండోది, వేడికి కాయిల్ పనిచేయకపోవడం. ఆగిన వెంటనే, ఇంజన్ చల్లారకముందే స్పార్క్ చూడండి. వేడిలో లేకుండా చల్లారాక వస్తే కాయిల్ మార్చాలి. మాది మూత. రంధ్రంలో ఎండిన మట్టి గట్టిపడి ఉంది. కడిగితే సరిపోయింది.

ఇంకొన్ని గుర్తులు. చోక్ మూసి ఉంటేనే నడిచి, తెరిస్తే ఆగిపోతే పెట్రోల్ తక్కువ అందుతోంది: జెట్టు మురికి, లేదా కార్బొరేటర్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీకు. చప్పుడు ఊగుతూ పెరిగి తగ్గుతుంటే ముందు పైలట్ జెట్టు చూడండి. నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ: ఎయిర్ ఫిల్టర్ చూడండి. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది: ఆయిల్ గీత దాటి పోశారేమో ముందు చూసుకుని, తర్వాత రింగుల గురించి ఆలోచించండి. ఖాళీగా బాగా నడిచి నేలలో దించగానే ఆగితే, బ్లేడ్లకి గడ్డి చుట్టుకుందా, బెల్టు జారుతోందా, లోతు ఎక్కువ పెట్టారా చూడండి. తడి రేగడిలో కొత్త ఇంజన్ అయినా అలాగే ఆగుతుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి

గోదావరి ఒడ్డున సెకండ్ హ్యాండ్ మిషన్ కొనేవాళ్లు ఒకటి తప్పక చూడాలి: అది నీళ్లలో మునిగిందా? భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకి ఇస్తారు. 2022 జూలై 16న నీటిమట్టం 71.3 అడుగులకి చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చాక అంత వరద అదే. అలాంటి వరదలో మునిగిన మిషన్‌ని కడిగి రంగేస్తే పైకి ఏమీ తెలియదు. తాడు కవర్ లోపల, ఫ్లైవీల్ రెక్కల మధ్య ఎండిన ఒండ్రు ఉందేమో టార్చ్ వేసి చూడండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ టీ రంగులో, నురగగా ఉంటే నీళ్లు కలిశాయి. మునిగిన ఇంజన్ తాడుని గట్టిగా లాగకండి. లోపల నీళ్లుంటే అవి నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ప్లగ్గు విప్పి, నెమ్మదిగా తిప్పి నీళ్లు బయటికి తీయాలి, ఆయిల్ మొత్తం మార్చాలి.

ఇంకోటి. అమ్మేవాళ్లు మనం వెళ్లేసరికి ఇంజన్ వేడి చేసి ఉంచితే ఒప్పుకోకండి. చల్లటి ఇంజన్‌నే మన ఎదురుగా స్టార్ట్ చేయమనండి. పదిహేను నిమిషాలు నడిపించి, ఆపి, వేడి మీద మళ్లీ స్టార్ట్ చేయించండి. మోడల్ పేరు తెలిస్తే ఫోన్‌లో దాని టెస్ట్ రిపోర్ట్ వెతకండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. ఇలాంటి సంస్థలు ఇచ్చే రిపోర్టుల్లో ఇంజన్ పవర్, పెట్రోల్ ఖర్చు లాంటివి ఉంటాయి. అమ్మేవాళ్లు చెప్పే మాటతో పోల్చుకోవచ్చు.

పని అయిపోయాక

సీజన్ అయిపోగానే పెట్రోల్ కాక్ మూసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడపండి. గిన్నెలో మిగిలింది డ్రెయిన్ బోల్టు తీసి వదలండి. ట్యాంకు ఖాళీ చేయండి. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ వేసి తాడు ఒకటి రెండుసార్లు నెమ్మదిగా లాగి ప్లగ్గు బిగించండి. సైలెన్సర్ మూతికి గుడ్డ కట్టండి, కందిరీగలు గూడు పెట్టకుండా. మళ్లీ వాడే ముందు ఆ గుడ్డ తీయడం మర్చిపోవద్దు. ఎయిర్ ఫిల్టర్ 50 గంటలకోసారి శుభ్రం చేయమని, ఆయిల్ 100 గంటలకి లేదా ఆరు నెలలకి మార్చమని ఈ రకం ఇంజన్ల మాన్యువల్ చెప్తుంది. దుబ్బ నేలలో దుమ్ము ఎక్కువ కాబట్టి ఫిల్టర్‌ని ఇంకా త్వరగా చూడండి. ఏ రోజు ఆయిల్ మార్చారో ఫోన్‌లో నోట్ చేసుకోండి, డిప్‌స్టిక్ మాత్రం వాడే ప్రతి ఉదయం చూడాలి.

మొత్తం లెక్క చెప్తాను. ఆయిల్, క్లీనర్ స్ప్రే, తాజా పెట్రోల్ కలిపి వెయ్యి లోపే అయింది. ఒక పూట పని. దొరికిన తప్పులు మూడు: ఆయిల్ తక్కువ, పెట్రోల్‌లో నీళ్లు, మూత రంధ్రంలో మట్టి. కొత్త ప్లగ్గు గానీ, కొత్త కార్బొరేటర్ గానీ, రీబోర్ గానీ ఈ మూడింటిలో ఒక్కదాన్ని కూడా పూర్తిగా బాగుచేసేవి కావు. డబ్బులు పోయేవి, మిషన్ అలాగే ఉండేది, చివరికి ఇనుము రేటుకి పోయేది. ఇప్పుడది మిరప సాళ్లలో నడుస్తోంది.

మీ ఇంట్లో, మీ ఊళ్లో ఇలా మూలన పడి ఉన్న మిషన్ ఉంటే అమ్మేయకముందు ఒక్క పూట కేటాయించండి. డిప్‌స్టిక్‌తో మొదలుపెట్టి, స్పార్క్, పెట్రోల్, కంప్రెషన్ ఒక్కొక్కటిగా చూడండి. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాకుండా 2-స్ట్రోక్ అయితే డిప్‌స్టిక్ ఉండదు, ఆయిల్ పెట్రోల్‌లోనే కలపాలి. మిగతా పరీక్షలు చాలావరకు అవే. వచ్చే ఎపిసోడ్‌లో బెల్టు, గేర్‌బాక్స్, బ్లేడ్ల సంగతి చూద్దాం. అప్పటిదాకా సెలవు.